పిడికిట్లో మన్ను

ఏమయ్యా,

నీ బర్రెల కొట్టంలో ఇవాళ జరిగింది చూస్తే నువ్వు కర్ర పట్టుకునేవాడివి. నువ్వు పోయాక బర్రెల్ని అమ్మేశాం. ఖాళీగా పడున్న ఆ చోట కోడలు స్వప్న ఒక టబ్బులో మన్ను పోసి, నీళ్లు కలిపి, గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి తెచ్చిన బంతిపూలు తుంచి వేసింది. నువ్వు చూడని నీ మనవరాలిని అందులో కూర్చోబెట్టి ఆడించాలట.

"ఏడికెల్లి తెచ్చినవే గీ మన్ను?" అన్నాను.

"నర్సరీల కొన్న అత్తమ్మా. సాఫ్ మన్ను. చేతులతోని పిసికితే పిల్లలకు మంచిదంట."

మన్ను కూడా కొనుక్కురావాలా? అందులో ఏ ఎరువు కలిపారో, పూల మీద ఏ మందు కొట్టారో ఎవరికి తెలుసు? టబ్బు పక్కనే పీట వేసుకుని కాపలా కూర్చున్నాను.

నాకంటే పిల్లకే అనుమానం ఎక్కువ. టబ్బులోకి దించగానే కాళ్లు ముడుచుకుంది. చాలాసేపటికి పిడికెడు బురద తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది. దుకాణదారు ముక్కిపోయిన తవుడు అంటగట్టాడేమోనని నువ్వు ప్రతి బస్తాలోంచి పిడికెడు తీసి వాసన చూసేవాడివి కదా, అచ్చం అలాగే. ఆ తర్వాత, "జర నువ్వు గూడ సూడు," అంటూ పిడికిలి నా ముక్కు ముందు పెట్టేవాడివి. నేను సరే అన్నాకే బర్రెల ముందు పోసేవాడివి.

పిల్ల బురద కారుతున్న చెయ్యి నా వైపు చాపింది.

"వద్దత్తమ్మా, చీర ఖరాబైతది," అంది స్వప్న.

వంగి వాసన చూశాను.

"మంచిగనే ఉంది," అన్నాను.

అప్పుడు పిల్ల రెండో చెయ్యి కూడా బురదలో ముంచింది.