ఇటుక రంగు చీర

బెంగళూరు,
ఆదివారం.

అమ్మకు, నాయనకు దండాలు పెట్టి రమణ రాసేది. ఇక్కడ నేనూ మీ అల్లుడూ బాగున్నాం. మాటవరసకు కాదు, నిజంగానే బాగున్నాం. నీ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? నాయన దగ్గు తగ్గిందా? కంది మొలకెత్తిందా, మళ్లీ విత్తాల్సి వచ్చిందా? మేక ఈనిందా? పద్మ బిడ్డ చిన్ని గడప దాటి బయటికి పరిగెత్తుతోందని నాయన చెప్పినాడు. దాన్ని వాగు వైపు పోనియ్యొద్దు.

అదిగో, పద్మ పేరు రాసేసినా. ఫోన్లో అయితే ఈపాటికి "టవర్ లేదే, వినపడటంలే" అని పెట్టేసేదానివి. చెల్లెలి పేరెత్తినప్పుడే మన ఊరి టవర్ పోతుంది. మిర్చి రేటు అడిగితే మాత్రం గంటసేపు ఉంటుంది! అందుకే ఈసారి ఉత్తరం. దీన్ని కట్ చెయ్యలేవు. చింపాలనిపిస్తే చదివినాకే చింపు.

ముందు మంచి సంగతులు. కంపెనీలో నన్ను కాలర్ల లైన్‌లో వేసినారు. రోజంతా కాలర్లే, ఒక చొక్కా మొత్తంగా చూసి ఎన్నాళ్లయిందో. సూపర్‌వైజర్ మొదట్లో ఊరికే గొంతు లేపేవాడు. ఇప్పుడు నా కుట్టులో వంక పెట్టలేక నోరు మూసుకున్నాడు. నీ చేతి కుట్టు నాకొచ్చింది, ఎవరేమంటారు? మీ అల్లుడు సెంట్రింగ్ పనికి పోతున్నాడు. ఇక్కడ వానలకు మధ్యాహ్నం కూడా చల్లగాలే, మన ఎండ గుర్తొస్తే నవ్వొస్తుంది. హోటల్ సాంబారులో బెల్లం వేస్తారు, మొదటిసారి పాయసం పోసినారేమో అనుకున్నా. ఎవరైనా ఇటు వస్తుంటే గోంగూర పచ్చడి, కాసిన్ని కొర్రలు పంపు.

వచ్చిన కొత్తలో ఆదివారమొస్తే దిగులే. గదిలో కూర్చొని గోడకేసి చూసేదాన్ని. అది చూసి, నా పక్క మిషన్ మీద కుట్టే మంజులక్క చెయ్యి పట్టుకొని వాళ్ల ఆడవాళ్ల సంఘం గదికి తీసుకపోయింది. తీరా చూస్తే అందరూ కింద పాత చీరలు పరుచుకొని బొంత కుడుతున్నారు! "వారమంతా కుట్టేది చాలదా అక్కా, ఆదివారం కూడానా?" అన్నా. "అది కంపెనీ కుట్టు. ఇది మన కుట్టు" అంది, వచ్చీరాని తెలుగులో.

ఎవరి కష్టం వాళ్లు గుడ్డముక్కలతో ఆ బొంత మీద బొమ్మగా కుడుతున్నారు. మంజులక్క వాళ్లాయన తాగే సీసా కుట్టింది, రెండు ముక్కలు చేసి మరీ కుట్టింది. ఒకామె తాళం వేసిన బాత్రూం తలుపు కుట్టింది, మా లైన్ ఆడవాళ్లకు అదే పెద్ద బాధ. ఆ బొంతను పట్టుకొని కంపెనీ గేటు ముందు నిలబడినాం. దారిన పోయేవాళ్లంతా ఆగి ఆ తలుపేందని అడిగేసరికి మేనేజర్ పరువు పోయింది. ఆ వారమే తాళం తీసేసినారు. కుట్టుకు అంత బలముందని అప్పుడే తెలిసింది నాకు.

కుడుతూ మాట్లాడుకుంటారు. చేతికి పనుంటే నోటికి భయం ఉండదు. నేను మాత్రం పద్మ సంగతి ఎత్తలేదు. నీ కూతుర్నే గదా.

ఇంక అసలు సంగతి. పోయిన నెల వానకు రేకులు కారి, నువ్వు మాకిచ్చి పంపిన బొంత తడిసి ముద్దయింది. తీగ మీద వేస్తే బరువుకు పాత దారాలు తెగి ఒక పక్క విడిపోయింది. కుడదామని లోపల చెయ్యి పెట్టినా. పైన నీ ఆకుపచ్చ చీర, కింద నాయన పంచె. మధ్యలో పద్మ చీర. ఇటుక రంగుది, సీమంతానికి నేను కొనిచ్చింది.

అమ్మా, దాన్ని వాగులో వదిలేసినావని గదా అందరం అనుకున్నాం! పోయినోళ్ల బట్ట ఇంట్లో ఉంచగూడదని పెద్దమ్మ చెప్తే, దినం రోజు పద్మ బట్టల మూట తీసుకొని నువ్వొక్కదానివే పోయినావు. ఆ ఒక్క చీరను ఎట్ల దాచి తెచ్చినావో నాకు తెలియదు. ఆ వాగుకు బిడ్డను ఇచ్చింది చాలు, చీర కూడానా అనుకున్నావా?

ఆ రోజు వాగు పొంగి, అంబులెన్స్ అవతలి గట్టున, మనం ఇవతలి గట్టున. చిన్నిని కని, నీ చేతుల్లో పెట్టి, పద్మ ఆ గట్టు మీదే, మనం మోసుకొచ్చిన మంచంలోనే పోయింది. తలరాత అన్నారు అందరూ. తలరాత కాదమ్మా. వంతెన ఉంటే నా చెల్లెలు బతికేది.

బొంత పట్టుకొని బాగా ఏడ్చినా. తర్వాత నవ్వు కూడా వచ్చింది. గురువారం గోళ్లు తీస్తేనే తిట్టే నువ్వు, పోయినదాని చీరను బతికినదాని మీద కప్పి పంపినావు! ఇన్నాళ్లూ చెల్లెల్ని కప్పుకొని పడుకున్నా, తెలియలేదు.

మరుసటి ఆదివారం చీర తీసుకపోయి సంఘంలో అంతా చెప్పినా, వాగు, మంచం, చిన్ని, ఒక్కటీ దాచకుండా. ఎవరూ ఊరుకోమనలేదు, సూదులు పక్కన పెట్టి విన్నారు. ఆ రోజు నుంచి అన్నం రుచిగా ఉందమ్మా. నీకూ అట్ల ఉండాలని నా ఆశ.

ఇప్పుడు మన ఊరి బొంత మొదలుపెట్టినా. ఒక పక్క మన ఇళ్లు, మంచం. ఇంకో పక్క అంబులెన్స్. మధ్యలో వాగు జాగా ఖాళీగా పెట్టినా. వాగు పొంగినప్పుడు నీళ్లు ఏ రంగుంటాయో నీకు చెప్పాలా? పద్మ చీర రంగే.

దసరాకు వస్తున్నా. ఊరి ఆడోళ్లమంతా దాన్ని పట్టుకొని మార్కాపురం సర్కారు ఆఫీసుకు పోదాం, అర్జీలు తీసుకునే సోమవారం. "ఎన్ని అర్జీలు ఇయ్యలేదు మనం, ఏమైంది?" అంటాడు నాయన. కాగితమైతే మడిచి బీరువాలో పడేస్తారు. బొంతను ఏ బీరువాలో పెడతారో నేనూ చూస్తా. ఒక సోమవారం కాకుంటే ఇంకో సోమవారం, వంతెన వచ్చేదాకా అక్కడే పరుచుకొని కూర్చుందాం.

కానీ చీరకు ఇంకా కత్తెర పెట్టలేదు. దాచుకున్నది నువ్వు, నిన్ను అడక్కుండా కొయ్యను. వద్దంటే మళ్లీ మధ్యలోనే పెట్టి కుట్టేస్తా, నీ మీద కోపం పెట్టుకోను. ఒకటి మాత్రం ఆలోచించు. లోపలుంటే అది మనిద్దరికే వెచ్చన. బయటుంటే ఆ వాగు దాటాల్సిన ఆడబిడ్డలందరికీ అక్కరకొస్తుంది. రేపు చిన్ని పలక పట్టుకొని బడికి పోవాలన్నా ఆ వాగే దాటాలి. వాళ్లమ్మ పేరు అది ఎవరి నోట వినాలి?

ఒక అంచు కుట్టకుండా నీకోసం వదిలిపెట్టినా. మార్కాపురం వచ్చేటప్పుడు నీ సూది తెచ్చుకో.

పెద్దమ్మకు దండాలు చెప్పు. చీర సంగతి మాత్రం చెప్పొద్దు, ఆమె తిట్లేవో దసరాకు నేనే పడతా. నాయనను బీడీలు తగ్గించమను. చిన్నికి నా ముద్దులు. మీ ఇద్దరి దీవెన నాకు కావాలి, ఆ వంతెనకు కూడా.

సరే అనడానికి పెద్ద మాటలేమీ వద్దు. వచ్చే ఆదివారం ఫోన్ చెయ్యి. చిన్నిని ఒళ్లో కూర్చోబెట్టుకొని, అది వినేటట్టు, "పద్మ" అను. అంతే. నేను కత్తెర తీస్తా.

ఇట్లు,
నీ ఇద్దరు కూతుళ్లలో పెద్దది,
రమణ