పట్టుగదిలో పుట్టగొడుగులు

ప్రియమైన అత్తయ్యకు,

మీరు బండెక్కిన మర్నాడే సీసాలు వచ్చాయి. ఒక్కరోజు ఆగి ఉంటే మీ కళ్ళతో చూసేవారు. "మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ఈ చలికాలం యాసుకో ఇంట్లో గడిపేస్తా" అని అప్పటికప్పుడు మూట కట్టుకుని కూతురింటికి నగోయా వెళ్ళిపోతే నేనేమనుకోవాలి? ఇన్నేళ్ళుగా మీ మోకాళ్ళు నాతో ఒక్క ముక్క చెప్పలేదే! పట్టుపురుగుల గది పుట్టగొడుగులకి ఇచ్చేశానని కోపమా? కోపమైతే కోపమనే రాయండి, పడతాను.

గది కడిగి సున్నం వేశాను. తట్టలు పారెయ్యలేదు, అటకెక్కించాను. దేవదారు రంపపు పొట్టులో తవుడు కలిపి సీసాల్లోకి కూరాం. పొట్టు కోతమిల్లు ఇవాకిచి గారు తెచ్చారు. ఎండాకాలమంతా ఆరుబయట కుప్పపోసి వానకి తడవనిచ్చారట, చెక్కలోని జిగురు పోవాలని. సీసాలకి ఆవిరి పట్టి, చల్లారాక ఎనోకి పుట్టగొడుగుల విత్తనం వేశాం. ఇక ఇవి చీకట్లో వెచ్చగా నిద్రపోవాలని రైతు సంఘం మాస్టారు చెప్పారు. పద్దెనిమిది, ఇరవై డిగ్రీల మధ్య ఉంచాలి. అంతకు మించి వేడెక్కితే ఆకుపచ్చ బూజు పడుతుంది. చల్లబడితే విత్తనం కదలదు.

ఇది కుదిరితే మన ఊరి మగవాళ్ళు చలికాలం పనులకని పై ఊళ్ళు పట్టిపోనక్కర్లేదంటున్నారు. మీ అబ్బాయి ఆనకట్ట పనికి వెళ్ళి మంచుచరియ కింద ఉండిపోయిన ఏడు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే... రాయకూడదనుకుంటూనే రాసేశాను.

కుంపటి చూసుకోవాలని ఆ గదిలోనే పడుకుంటున్నాను. కునుకు పట్టగానే పట్టుపురుగులు ఆకు మేస్తున్న చప్పుడు, మీరు చెప్పేవారే, సన్నటి వాన పడుతున్నట్టు. కళ్ళు తెరిస్తే ఏమీ లేదు. సీసాలు, చీకటి, నేను.

మీ కోడలు,
మిత్సుయే


చిరంజీవి మిత్సుయేకి,

కోపం లేదు, గీపం లేదు. మోకాళ్ళు నావి, నొప్పి నాది. నీకు అర్జీ పెట్టుకుని నొప్పెట్టాలా?

ఇక్కడ బాగానే ఉంది. యాసుకో నన్ను చెంబు కూడా ఎత్తనివ్వదు. చెయ్యడానికేమీ లేక కిటికీ దగ్గర కూర్చుని ట్రాములు చూస్తుంటాను. ఇక్కడ మంచు నేలని తాకగానే బురదైపోతుంది. అదీ ఒక మంచేనా?

ఆ గది సంగతి నన్నడుగు. ఉత్తరం గోడ మూల చెమటోడుస్తుంది, అక్కడ గడ్డిచాప వేలాడదీయి. కుంపటి మధ్యలో పెట్టకు, గుమ్మం పక్కన పెట్టు. వేడి అటకెక్కి కూర్చుంటుంది, కింది అరలు ఎప్పుడూ వెనకబడే ఉంటాయి. పై సీసాలు కిందికీ, కిందివి పైకీ మార్చుతూ ఉండు. వేడి చూడటానికి చెయ్యి పెట్టకు, చెంప ఆనించి చూడు. నాగలి పట్టిన చేతికి ఏం తెలుస్తుంది?

ఇంతకీ ఇవాకిచి పొట్టు దించేసి వెళ్ళిపోతున్నాడా, కాసేపు కూర్చుంటున్నాడా? టీ ఇచ్చావా? వచ్చిన మనిషిని గుమ్మంలోంచే పంపేశారన్న మాట మనింటికి రాకూడదని అడుగుతున్నాను, అంతే.

నాకూ కల వచ్చింది. మల్బరీ ఆకు గంపతో గదిలోకి వెళ్ళాను. పురుగులన్నీ ఒక్కసారి తలలెత్తి "అమ్మాయి ఏదీ?" అని అడిగాయి. ఏ అమ్మాయో అడుగుదామనుకునేలోపు ట్రామువాడు గంట కొట్టాడు, వెధవ.

అత్త


ప్రియమైన అత్తయ్యకు,

చూరుదాకా మంచు పడింది. ఊరు ఊరంతా దూదిలో చుట్టిపెట్టినట్టుంది, ఎవరో పక్కింట్లో దగ్గినా ఏదో దేశంలో దగ్గినట్టుంటుంది.

సీసాల్లో తెలుపు పాకుతోంది! మొదట మూతి దగ్గర బూడిద చల్లినట్టుంది, తర్వాత నూలుపోగులు, ఇప్పుడు సగం సీసా పాలు పోసినట్టు. చెంప ఆనించి చూశాను. గదికన్నా సీసా వెచ్చగా ఉంది! మాస్టారినడిగితే నవ్వారు, అవీ మనలాగే ఊపిరి తీస్తాయట, వాటి ఒంటివేడి వాటికుంటుందట. అన్నీ కలిసి ఊపిరి తీస్తుంటే కుంపట్లో బొగ్గు సగం తగ్గించేశాను. ఒక్కోసారి ఆ గదిలో నేనొక్కదాన్నే మెలకువగా ఉన్నాననిపిస్తుంది. ఒక్కోసారి నేనొక్కదాన్నే నిద్రపోతున్నాననిపిస్తుంది.

మీరడిగారు కాబట్టి రాస్తున్నాను, ఇవాకిచి గారికి టీ ఇచ్చాను, ఊరగాయ కూడా పెట్టాను.

"బావుంది," అన్నారు.

"అత్తయ్య పెట్టింది."

"తెలుసు."

ఆయన మాట్లాడింది అంతే. తన గుర్రంతో మాత్రం ఊరి చివరిదాకా కబుర్లాడుకుంటూ వెళ్ళారు.

మా అన్నయ్య వచ్చాడు. మత్సుమోటోలో చెప్పుల కొట్టాయన ఉన్నాడట, భార్య పోయింది, ఇద్దరు పిల్లలట. మంచు కరిగేలోపు మాట చెప్పమన్నాడు.

"ఇంకా ఎవరికోసం ఈ కొంప పట్టుకు వేళ్ళాడతావే? ముసలావిడ కూడా వెళ్ళిపోయిందిగా!"

"మోకాళ్ళు బాగయ్యాక వస్తుంది."

"ముసలి మోకాళ్ళు బాగవడం ఎక్కడన్నా విన్నావా?"

ఆ మాటకి జవాబు మీ దగ్గరుంటే రాయండి. ఎప్పుడొస్తారు?

మీ కోడలు,
మిత్సుయే


మిత్సుయేకి,

ఇప్పట్లో రాను. అసలు రానేమో కూడా. యాసుకో ఇక్కడే ఉండిపొమ్మంటోంది.

మీ అన్న అన్నదాంట్లో తప్పేం లేదు. ఆ ఇల్లూ ఆ గదీ నీ కాళ్ళకి కట్టిన రాయి కాకూడదు. నీకు నచ్చిన చోటికి వెళ్ళు. నీకు నచ్చిన చోటికి అని రాశాను, మీ అన్నకి నచ్చిన చోటికని కాదు. కళ్ళు పెట్టి చదువుకో.

ఇప్పుడు సీసాలకి ఏం చెయ్యాలి? అది మాత్రం రాయి.

అత్త


అత్తయ్యకు,

ఇన్నాళ్ళూ కావాలనే రాయలేదు. 'రానేమో' అని మూడక్షరాలు రాసి పడేస్తే, దానికింద 'సీసాలెలా ఉన్నాయి' అంటే, ఏం రాయను?

సీసాలు నిండాక పైపొర గీకేశాను. గది పదిహేనుకి చల్లార్చి, నేలంతా నీళ్ళు చల్లి, తడిగుడ్డలు కప్పాను. కొన్నాళ్ళకి మూతుల నిండా సూదిమొనంత మొలకలు వచ్చాయి. ఆ పొద్దున ఎంత ఏడ్చానో! ఆ తర్వాత రెండురోజులు ఒకటే మంచు. మూడోరోజుకి మొలకలు సాగిపోయాయి. సన్నటి దారాలు, తలల్లేవు. గదిలోకెళ్తే నా తలా దిమ్ముగా ఉంది. వెచ్చదనం సరిగ్గానే ఉంది, తడీ సరిగ్గానే ఉంది. ఏం తప్పు చేశానో తెలియక గుమ్మంలో కూలబడ్డాను. తెల్లవారుతుంటే ఇవాకిచి గారు వచ్చారు. లోపలికి తొంగిచూసి కుంపటి వంక వేలు చూపించారు.

"నిప్పు మసకబారింది చూడండి. గాలాడటం లేదు."

కప్పు మీది గాలిగూడు మంచులో పూడిపోయింది! పట్టుపురుగుల కాలంలో మీరు రోజూ దాని తాడు లాగేవారు. చలికాలం దాని సంగతెవరు తలుస్తారు? ఇద్దరం నిచ్చెనెక్కాం. ఆయన పార పట్టారు, నేను చేతుల్తోనే తోడాను. పలక పైకెత్తగానే గదిలోని ఆవిరంతా తెల్లగా పైకి లేచింది, అప్పుడే పడుతున్న ఎండలో. అది పోతూ ఉంటే ఇద్దరం నోళ్ళు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయాం.

అప్పుడు అడిగారు. గుర్రంతో మాట్లాడినట్టే, నా వంక చూడకుండా.

"నన్ను చేసుకుంటారా?"

"నాకు అత్తగారుంది," అన్నాను. నోటికి అదే వచ్చింది.

"ఆవిణ్ణి ముందే అడిగాను."

"ఎప్పుడు?"

"ఆకురాలు కాలంలో. ఆవిడ బండెక్కడానికి నాలుగురోజుల ముందు. 'నేనుండగా అడిగితే అది కాదంటుంది, ఆగు, నేను ఇల్లు వదిలాక అడుగు' అంది."

ఏవండీ అత్తయ్యా! మోకాళ్ళా? మీకు మోకాళ్ళ నొప్పా? సంతలో దూడని బేరమాడినట్టు మీరిద్దరూ నా వెనక మాట్లాడుకుంటారా? నేను గదిచ్చానని కోపంతో వెళ్ళారనుకుని చలికాలమంతా కుమిలిపోయానే!

కిందికి దిగి తలుపేసుకున్నాను.

మిత్సుయే


నా తల్లీ,

తిట్టావు, బావుంది. ఇంకా తిట్టు.

నీ మావగారు పోయేనాటికి నా కొడుకు కుమావో చంటివాడు, నాకు నీకన్నా చిన్న వయసు. మల్బరీ ఆకు తెచ్చే మనిషొకడుండేవాడు. మంచివాడు. ఆకు దించి, గుమ్మంలో నిలబడి, ఏదో అడగబోయి, వెళ్ళిపోయేవాడు. మా అత్త ఆ పక్కనే కూర్చుని పట్టుదారం తీస్తుండేది. ఆవిడ చెడ్డది కాదమ్మా, ఒక్కమాట అనేది కాదు. ఉండేది, అంతే. ఆవిడ ఉన్నంతసేపూ నేను కోడలినే. కొన్నేళ్ళకి అతను రావడం మానేశాడు. అతను ఏమడుగుదామనుకున్నాడో నాకు ఈనాటికీ తెలీదు.

ఇవాకిచి నా దగ్గరికొచ్చి టోపీ తీసి నిలబడితే నాకు కాళ్ళు వణికాయి. మోకాళ్ళ నొప్పి అప్పుడే మొదలైందనుకో. నీ గురించి నాకు తెలుసు, నేను గదిలో ఉంటే నువ్వు నా మొహం చూసి జవాబు చెప్తావు. నా మొహం లేకుండా చెయ్యాలనిపించింది. చెప్పి వెళ్తే నువ్వు వెళ్ళనిస్తావా? కాళ్ళు పట్టుకు కూర్చుందువు.

నీ గదిమీద కోపమని నువ్వనుకుంటావని నాకు తట్టలేదు. అది నా తెలివితక్కువే. గది నీకిచ్చిందే నేను కదా, పిచ్చిదానా!

అతణ్ణి చేసుకో. మిల్లు దగ్గర వేరే ఇల్లు వేసుకోండి. కొత్త కాపురంలో ముసలిదాన్ని పొయ్యి ఊదడానికి తప్ప ఎందుకూ పనికిరాను. నేనిక్కడ బాగానే ఉంటాను, ట్రాములు అలవాటైపోయాయి.

ఆ మొలకలు బతికాయా?

అత్త


ప్రియమైన అత్తయ్యకు,

బతికాయి. సాగిపోయిన దారాలన్నీ గీకి పారేస్తే మళ్ళీ మొలిచాయి, ఈసారి తలలతో సహా. వేలెడంత అయ్యాక మాస్టారు కిటికీలు తెరవమన్నారు. ఇన్నాళ్ళూ పసిపిల్లల్లా కాచుకున్నవాటి మీదికి మంచుగాలి వదలమంటే చేతులు రాలేదు. నాలుగు డిగ్రీలకి పడిపోయింది గది. అన్నీ ఎదగడం మానేశాయి. చచ్చిపోయాయనుకున్నాను. కాదట. పొడుగుపోయినవి ఆగుతాయి, పొట్టివి అందుకుంటాయి, కాడ గట్టిపడుతుంది. తర్వాత ఒక్కో సీసా మూతికీ కాగితం చుట్టాం, గొట్టంలా. ఇప్పుడు చీకట్లో ఆ కాగితాల అంచులు దాటి తెల్లగా తలలు బయటికొస్తున్నాయి. నిన్న మొదటి కోత కోశాం. అన్నీ బాలేవు, ఉత్తరం మూలవి వంకరపోయాయి. మిగతావి పెట్టెల్లో సర్ది బండెక్కించాం. కొన్ని పులుసులో వేసి మీ అబ్బాయి పటం దగ్గర పెట్టాను. ఆయనతో కూడా మాట్లాడాను. ఏం మాట్లాడానో మీకు చెప్పను.

సీసాలకి కాగితాలు చుడుతూ ఇవాకిచి గారితో అన్నాను, "నేను మీ ఇంటికి రాను."

ఆయన చేతిలోని కాగితం జారిపోయింది. వంగి తీసుకుని, "సరే," అన్నారు.

"సరే ఏమిటి? మీరే మా ఇంటికి రావాలి."

కాగితం చుట్టడం ఆపి, "ఇల్లరికమా?" అన్నారు.

"మీ ఇల్లు పెద్దకొడుక్కేగా వచ్చేది, మూడో కొడుకు మీకు అంత బెట్టేమిటి?"

"బెట్టు కాదు. గుర్రాన్ని ఎక్కడ కట్టెయ్యాలా అని."

నవ్వొచ్చింది అత్తయ్యా. ఆ గదిలో ఎవరైనా నవ్వి ఎన్నాళ్ళయిందో!

ఊరిపెద్దని కనుక్కున్నాను. మీరు నన్ను దత్తత తీసుకుంటే నేను ఈ ఇంటి కూతురినవుతాను, ఆయన అల్లుడవుతారు, ఇంటిపేరు నిలుస్తుంది. ఈ ఉత్తరంతో పంపుతున్న కాగితం మీద సంతకం బదులు మీ ముద్ర కావాలి. మీరు నా మొహం చూడకుండా జవాబు చెప్పేలా ఉత్తరం రాస్తున్నాను, మీరు నేర్పిందే. మీరు కాదంటే ఆయనకీ కాదనే చెప్తాను, అది బెదిరింపు అనుకున్నా సరే. నేను మిమ్మల్ని వదిలి ఎక్కడికో పోవడానికి మీరు ఇల్లు వదిలారు. నాకు నచ్చిన చోటికి వెళ్ళమన్నారు కదా, నాకు నచ్చిన చోటు ఇదే, మీరుంటేనే.

అత్తయ్యా అని రాయడం ఇదే ఆఖరుసారి అనుకుంటున్నాను.

మీ
మిత్సుయే


మిత్సుయేకి,

కాగితం మీద ముద్ర వేశాను. మొదటిది సరిగ్గా పడక రెండుసార్లు వేశాను, ఊరిపెద్ద ఏమన్నా అంటే నన్నడగమను. అది తీసుకుని శనివారం బండికి వస్తున్నాను. యాసుకో ఏడుస్తోంది, ట్రామువాడు బతికిపోయాడు.

స్టేషనుకి అతణ్ణి పంపకు. నువ్వే రా.

ఒక్కమాట. కాగితం మీద కూతురివి, సరే. పిలవడం మాత్రం అత్తా అనే పిలువు. కూతుర్ని ఒకమాట అంటే మొహం ముడుచుకుంటుంది, యాసుకోని ఈ చలికాలమంతా చూశాగా. కోడలైతే ఎదురు చెప్తుంది. ఇన్నాళ్ళూ ఎదురు చెప్పేవాళ్ళు లేక నోరు చచ్చిపోయింది నాకు.

అత్త