ఎదురు కుర్చీ మీద గొడుగు

నత్తగారికి,

నేను క్షేమం. అడగకముందే చెబుతున్నాను, ఎందుకంటే నువ్వు అడిగేసరికి నాకు జ్వరం వచ్చి తగ్గిపోతుంది కూడా. ఫోన్లో నువ్వు మాటలు మింగేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

మీ కన్సల్టింగ్ కంపెనీ నా దరఖాస్తును మళ్ళీ తిప్పికొట్టింది. పొద్దున పంపితే భోజనానికి కూర్చునేలోపే 'చింతిస్తున్నాం' అని జవాబు. చదివినవాళ్ళెవరూ అంత తొందరగా చింతించలేరు. పెద్ద విశ్వవిద్యాలయాల వాళ్ళవి ముందు చదువుతారట, మిగతావి లోపలివాళ్ళెవరైనా పేరు చెబితేనే తెరుస్తారట. మన రేకుల షెడ్డు కాలేజీ పేరు చూసి ఎవరు తెరుస్తారు? లోపల నువ్వున్నావు కదా, నా పేరు చెప్పు.

ఈ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లారీలకు దారులు గీసి గీసి విసుగొచ్చింది. అన్నీ ఎక్కడికో వెళతాయి, నేను తప్ప. మీ ఊరి లారీ బయల్దేరితే అది మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను.

ఇట్లు,
కందిరీగ

తా.క. 'చూద్దాం' అని మాత్రం రాయకు. కాలేజీ వదిలినప్పటి నుంచీ నీ చూద్దాంతోనే కాలక్షేపం చేస్తున్నాను.

*

కందిరీగకి,

చెప్పేశాను. హెచ్‌ఆర్ మేడమ్ దగ్గరికి వెళ్ళి నీ పేరు చెప్పాను. "ఎలా తెలుసు?" అంది. "బాగా తెలుసు" అన్నాను. "ఎంత బాగా అని కాదు, ఎలా అని" అంది.

అక్కడ తడబడ్డాను. కలిసి చదువుకున్నాం అంటే ఏ కాలేజీ అంటుంది. ఇక్కడ అందరికీ నేను పెద్ద విశ్వవిద్యాలయం మనిషిని. అక్కడ చదివింది చివరి రెండేళ్ళే అని ఎవరికీ చెప్పలేదు. అందుకని బంధువు అన్నాను. "దగ్గరా, దూరమా?" అంది. దూరం అన్నాను.

ఏమైతేనేం, నీ దరఖాస్తు తెరిచారు. నా ఎదురు కుర్చీ ఖాళీగానే ఉంది. కిటికీ పక్కది. సాయంత్రం ఎండ దానిమీదే పడుతుంది. నువ్వు ఇందులో కూర్చుంటే ఎలా ఉంటుందా అని చూస్తూ లెక్కలు తప్పు వేస్తున్నాను.

నీ,
నత్త

తా.క. ఎవరూ లాక్కుపోకుండా ఆ కుర్చీలో గొడుగు పెట్టాను.

*

దూరపు బంధువుగారికి,

ఇంటర్వ్యూ ఫోన్ వచ్చింది. ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాను. చివర్లో మేడమ్, "ఆయన మీకు ఏ వరస?" అంది. ఏ వరసా కాదండీ, రేకుల షెడ్డు కాలేజీలో ఒకే బెంచీ అన్నాను. "ఆయన కూడా అక్కడేనా?" అంది. అవునండీ, క్లాసులో మాట్లాడమంటే గొంతు పెగలక నిలబడేవాడు, పక్క నుంచి నేనే అందించేదాన్ని అన్నాను. నీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పాననే అనుకుంటూ కూర్చున్నాను.

ఫోన్ పెట్టిన మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. ఒక్క మాట అడుగుతాను. నువ్వు సిగ్గుపడింది మన కాలేజీకా, నాకా?

ఇట్లు,
అంత దూరంలో లేని ఒక మనిషి

తా.క. ఆ గొడుగు నాది. ఆఖరి రోజు బస్టాండులో నువ్వు తడుస్తున్నావని ఇచ్చాను. పోస్టులో పంపెయ్.

*

కందిరీగకి,

కాలేజీకే. నీకు కాదు. ఒట్టు.

మేడమ్ పిలిచింది. "ఆవిడ ఒకటి చెబుతోంది, మీరొకటి చెబుతున్నారు. ఎవరిది నిజం?" అంది. ఆవిడదే అన్నాను. అబద్ధమాడినందుకు చీవాట్లు పడ్డాయి. కాలేజీ సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. పైగా మా మేనేజరు నన్ను పక్కకి పిలిచి, తనదీ అలాంటి కాలేజీయేనని, ఎవరికీ చెప్పొద్దని చెవిలో చెప్పాడు.

శుక్రవారంలోగా సరైన వరస చెప్పమంది మేడమ్. స్నేహితురాలు అంటే సరిపోతుందా? నువ్వే చెప్పు.

నీ,
నత్త

తా.క. గొడుగు పంపలేను. ఇక్కడ వానలు. వానలు లేకపోయినా పంపలేను.

*

నత్తకి,

ఆ మాత్రం కూడా నేనే అందించాలా? స్నేహితురాలనే చెప్పుకో.

ఇన్నాళ్ళూ నువ్వు అడుగుతావని ఎదురు చూశాను. ఆ ఉద్యోగం కావాలన్నది నిజమే, నీ ఎదురుగా కూర్చోవాలన్నది అంతకంటే నిజం. ఇప్పుడు ఉద్యోగమైనా వస్తే చాలనుకుంటున్నాను. రెండో ఇంటర్వ్యూకి పిలిచారు.

ఇట్లు,
స్నేహితురాలు

తా.క. గొడుగు ఉంచుకో. కుర్చీలో పెట్టకు.

*

కందిరీగకి,

నీ నోటి దగ్గరి ముద్ద నేనే లాగేశాను.

శుక్రవారం మేడమ్ అడిగింది. స్నేహితురాలు అందామనే వెళ్ళాను. నోరు తెరిస్తే, "నేను పెళ్ళి చేసుకోవాలనుకుంటున్న మనిషండీ" అని వచ్చేసింది. ఆవిడ పెన్ను కింద పెట్టింది. ఇంటివాళ్ళ పేర్లు, ఇంటివాళ్ళు కాబోయేవాళ్ళ పేర్లు మేము చెప్పకూడదట. నా సిఫారసు కొట్టేసింది.

జీవితంలో ఒక్కసారి గొంతు పెగిలింది, అదీ నీ ఉద్యోగం మీదికి తెచ్చింది. నువ్వు లేక ఈ ఊళ్ళో నాకేమీ తోచడం లేదు. ముందే చెప్పాల్సింది. క్షమించు.

నీ,
నత్త

తా.క. గొడుగు కుర్చీలోనే ఉంది.

*

నత్తకి,

నీ ఉత్తరం కంటే మేడమ్ ఫోనే ముందు వచ్చింది. "సిఫారసు కొట్టేశాం గానీ, చదివేసిన దరఖాస్తును చదవనట్టు ఎలా చేస్తాం? ఇంటర్వ్యూకి రండి" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "శుభాకాంక్షలు" అంది. దేనికండీ అన్నాను. పాపం, ఆవిడే తడబడుతూ మొత్తం చెప్పింది.

ఇంటర్వ్యూలో, ఒక నగరంలో ఏడాదికి ఎన్ని గొడుగులు పోతాయో అంచనా వెయ్యమన్నారు. వేశాను. ఒక్క గొడుగు మాత్రం ఎక్కడుందో కచ్చితంగా తెలుసని కూడా చెప్పాను. ఉద్యోగం వచ్చింది. ఎవరి పేరూ లేకుండా, మన రేకుల షెడ్డు పేరు మీదే వచ్చింది.

నీ ఎదురు కుర్చీ మాత్రం నాకివ్వరట. ఇలాంటి వరస ఉన్నవాళ్ళు ఒకే జట్టులో ఉండకూడదట. నాది పై అంతస్తు. ఇన్నాళ్ళూ నేను మనసులో కూర్చున్న కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. కాస్త బాధగానే ఉంది. అయినా ఈ లారీల ఊరితో పోలిస్తే పై అంతస్తు దగ్గరే.

ఆదివారం సాయంత్రం బస్సుకి వస్తున్నాను. గొడుగు తీసుకుని బస్టాండుకి రా. మేడమ్‌కి చెప్పావు, మీ మేనేజరుకీ ఈపాటికి తెలిసే ఉంటుంది. అడగాల్సిన మనిషిని మాత్రం ఇంతవరకూ అడగలేదు.

ఇట్లు,
నీ కందిరీగ

తా.క. అడిగితే ఏమంటానా? చూద్దాం.