పరీక్షను తూచిన పెదనాన్న

పూజ్యులైన పెదనాన్నగారికి,

మీ పిచ్చుక నమస్కారాలు. ఫోన్ చేస్తే "ఏదైనా కాగితం మీద పెట్టు" అని కట్ చేస్తారు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

ఎంబీఏ ఎంట్రన్స్ ఫలితం వచ్చింది. ఎనిమిది వందలకి ఐదు వందల తొంభై. నేను ఆశపడ్డ కాలేజీ ఆరు వందల యాభైకి తక్కువైతే దరఖాస్తు తిప్పి కూడా చూడదు. గడువు ఇంకా రెండు నెలలుంది. ఈలోపు మళ్ళీ రాయొచ్చు. రాయాలా, వద్దా?

లిఫ్టుల కంపెనీలో నా పని మీకు తెలుసుగా. ఎవరు ఎక్కడ ఇరుక్కున్నా ఫోన్ నాకే వస్తుంది. "కంగారు పడకండి, మెకానిక్ బయల్దేరాడు" అని రోజుకి ఇరవైసార్లు చెప్తాను. నాలుగేళ్ళుగా ఇదే పాట. ఆ కాలేజీలో సీటు రాకపోతే రిటైరయ్యేదాకా ఇదే పాట.

నిజానికి తప్పు నాది కాదు. పరీక్ష మధ్యలో కంప్యూటరే మొరాయించింది.

మీ సలహా కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తూ,
పిచ్చుక

తా.క.: అమ్మ వీధంతా "మా అమ్మాయికి ఐదొందల తొంభై" అని చెప్తోంది. ఎంతకి అన్నది మాత్రం చెప్పట్లేదు. ఎదురింటి కాంపౌండర్ గారు ఆరొందలకి అనుకుని, ఆ పది మార్కులు ఎక్కడ పోయాయా అని బెంగపెట్టుకున్నారు.

*

చిరంజీవి పిచ్చుకకు,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి, మూడుసార్లు చూడనిదే ఏదీ నమ్మను.

కాటా చెడిపోయిందని నువ్వే అంటున్నావు. చెడిన కాటా మీద అదే సరుకు మళ్ళీ పెడితే ఏం లాభం? ముందు కాటాని తనిఖీ చెయ్యాలి. అందాకా నువ్వు పరీక్ష జోలికి వెళ్ళకు. ఆ పరీక్షకి తనిఖీ ముద్ర వేసింది ఎవరు, ఏ సంవత్సరంలో, అది ఎప్పటిదాకా చెల్లుతుంది అని అడుగుతూ పరీక్షల ఆఫీసుకి రిజిస్టరు పోస్టులో ఫిర్యాదు పంపాను. బాధితురాలిగా నీ వివరాలు ఇచ్చాను.

ధైర్యంగా ఉండు. నేనున్నాను.
పెదనాన్న

తా.క.: ఆ రోజు పొద్దున ఏం తిన్నావో రాయి. పడికట్టు రాయికి కాస్త మట్టి అంటుకున్నా తూకం మారిపోతుంది.

*

పెదనాన్నగారికి,

నమస్కారం. మీరు నన్ను నట్టేట ముంచారు. పెద్దవారిని ఇలా అన్నందుకు క్షమించండి, కానీ ముంచారు.

పరీక్షల ఆఫీసు నుంచి నాకు ఉత్తరం వచ్చింది. లోపం ఏ నిమిషంలో, ఏ ప్రశ్న దగ్గర, ఎంతసేపు జరిగిందో రాసి సంతకం పెట్టాలట. అవసరమైతే విచారణకి పిలుస్తారట. విచారణ, పెదనాన్నా! ఇంతవరకు నన్ను బళ్ళో టీచరు కూడా నిలబెట్టి అడగలేదు.

దయచేసి ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. లోపం చాలా చిన్నది, ఆవగింజంత. నేను మర్చిపోయాను, మీరూ మర్చిపోండి.

చేతులు జోడించి,
పిచ్చుక

తా.క.: ఆ పొద్దున ఏమీ తినలేదు. ఇది ఫిర్యాదులో కలపకండి.

*

చిరంజీవి పిచ్చుకకు,

ఆశీస్సులు. "ఆవగింజంత" అన్నావు చూడు, అక్కడే దొరికారు వాళ్ళు. నా సర్వీసులో పట్టుకున్న మోసాలన్నీ ఆవగింజంతవే.

నువ్వు విచారణకి వెళ్ళనక్కర్లేదు. నేనే వెళ్తున్నాను. కాటా నిజం తేలాలంటే, బరువు ముందే తెలిసిన రాయి ఒకటి దాని మీద పెట్టాలి. ఆ రాయిని నేనే. నాకు వ్యాపారంలో ఓనమాలు రావు. ఇది మీ పెద్దమ్మ నలుగురిలో ఎన్నోసార్లు ధ్రువీకరించిన సంగతి. అంటే నా బరువు సున్నా. పై నెల పన్నెండో తారీఖున, నువ్వు రాసిన హాల్లోనే, ఎంబీఏ ఎంట్రన్స్‌కి పేరు ఇచ్చాను.

శాఖ పరువు నిలబెడతాను.
పెదనాన్న

తా.క.: తనిఖీకి వెళ్ళిన ఊళ్ళో బంధువుల ఇంట దిగడం మా శాఖలో నిషేధం. లాడ్జిలో ఉంటాను. దారిలో కనబడినా పలకరించకు.

*

పెదనాన్నా,

ఈ ఉత్తరానికి నాలుగు కాగితాలు చింపాను. కంప్యూటర్ మొరాయించలేదు. మొరాయించింది నేనే.

లెక్కల భాగం తెరుచుకోగానే చేతులు వణికాయి. తెర మూల సెకన్లు తరిగిపోతుంటే అంకెలు అలికినట్టయిపోయాయి. చివరి తొమ్మిది ప్రశ్నలకి కళ్ళు మూసుకుని ఏదో ఒకటి నొక్కాను. ఊళ్ళోవాళ్ళందరికీ కంగారు పడకండని చెప్పేదాన్ని, నాకు నేను చెప్పుకోలేకపోయాను. సిగ్గేసి మీకు అబద్ధం రాశాను. మళ్ళీ రాయాలంటే ఆ వణుకే గుర్తొస్తోంది. మీరు వద్దంటే, పెద్దవాళ్ళు వద్దన్నారని చెప్పుకుని బతికిపోదామనుకున్నాను.

తప్పంతా నాదే. దయచేసి రాకండి.
పిచ్చుక

తా.క.: అమ్మకి చెప్పకండి. కాంపౌండర్ గారు ఆ పది మార్కుల బెంగ నుంచి ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నారు.

*

అమాయకురాలైన పిచ్చుకకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. తనిఖీ దగ్గరపడగానే సాక్షి మాట మార్చడం మాకు కొత్త కాదు. ఎవరు బెదిరించారో చెప్పు, వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను.

తనిఖీ ముగిసింది. తెర మీది గడియారాన్ని నా చేతి గడియారంతో చివరిదాకా పోల్చి చూశాను. ఒక్క ప్రశ్ననీ ముట్టుకోలేదు. ముట్టుకుంటే సున్నా చెడుతుంది కదా. అయినా నాకు రెండు వందలు వచ్చాయి! ఖాళీ పళ్ళెం రెండు వందలు చూపించే కాటాని నా జన్మలో చూడలేదు. ఈ లెక్కన నీ ఐదొందల తొంభైలో అసలు బరువు మూడొందల తొంభై. దిగులుపడకు. నా మాట విని మళ్ళీ రాయకు.

విజయంతో,
పెదనాన్న

తా.క.: వెనక వరసలో ఎవరో పిల్ల తెర చాటున తల దాచుకుని, నేను నోరు విప్పినప్పుడల్లా కిసుక్కున నవ్వింది. తనిఖీకి ఆటంకం కలిగించినందుకు దాని సీటు నంబరు వేసి ఇంకో ఫిర్యాదు పెట్టాను.

*

ఇన్‌స్పెక్టర్ పెదనాన్నగారికి,

కోటి నమస్కారాలు. ఆ పిల్లని నేనే.

మీకు నిజం రాసి పోస్టు చేశాక గుండె తేలికపడింది. దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదు కదా, చూద్దామనిపించింది. గడువులోపు ఖాళీ ఉన్నది మీ పన్నెండో తారీఖు ఒక్కటే. పేరు ఇచ్చేశాను. పలకరించొద్దన్నారుగా, పలకరించలేదు.

కూర్చోగానే చేతులు మళ్ళీ మొదలెట్టాయి. లేచి వెళ్ళిపోదామని సంచీ కూడా తీసుకున్నాను. అప్పుడు మీరు లేచి, "అమ్మా, ఈ గడియారానికి ముద్ర ఏదీ?" అన్నారు. ఇన్విజిలేటర్ "కూర్చోండి తాతగారూ" అంది. మీరు "తాతగారు కాదు, ఇన్‌స్పెక్టరు" అన్నారు. నవ్వు ఆపుకునే హడావుడిలో వణకడం మర్చిపోయాను. ఏడు వందల పది, పెదనాన్నా! ఈ పరీక్షలో వేలు కదపకపోయినా రెండు వందలిస్తారు, అది వాళ్ళ పద్ధతి. అయినా మీరు తీసేస్తానంటే తీసేసుకోండి, మీ ఇష్టం.

కానీ మీ రెండో ఫిర్యాదు వల్ల నా మార్కులు కాలేజీకి పంపకుండా ఆపేశారు. కాలేజీ గడువు శుక్రవారం. మూడు రోజులు పరీక్షల ఆఫీసుకి ఫోన్లు చేస్తూనే ఉన్నాను. మిమ్మల్ని మనసులో తిట్టుకున్నాను కూడా. ఇవాళ పొద్దున విచారణ ముగిసి మార్కులు వదిలారు. దరఖాస్తు వెళ్ళిపోయింది. మీరు ఆ హాల్లో లేకపోతే నేను మెట్లు దిగిపోయేదాన్ని పెదనాన్నా, ఇది మాత్రం నిజం.

మీ
పిచ్చుక

తా.క.: విచారణలో ఇన్విజిలేటర్ ఇచ్చిన వాంగ్మూలం నకలు జతచేశాను. ఒకటే వాక్యం: "ఆ రోజు హాల్లో నవ్వనిది ఫిర్యాదుదారు ఒక్కరే."