మంచు మీద చిర్రగోనె

మల్లన్నా,

చిన్న కాలేజీల ఐస్ హాకీ లీగు ఇవాళ మళ్లీ మొదలైంది. నిన్ను శవపెట్టెలో ఊరికి పంపించాక ఇదే మొదటి ఆట. రింకులో మంచు తుడిచే డ్యూటీకి నీ బదులు కేరళ నుంచి కొత్త భాయ్ వచ్చాడు. సిత్రా లేబర్ క్యాంపులో నీ మంచమూ అతనిదే.

వాళ్లు కర్రలతో కొట్టే రబ్బరు బిళ్లను నువ్వు, గిల్లీదండాలో బిళ్లలాగా, చిర్ర అనేవాడివి. "గిది మన చిర్రగోనెనే తమ్మీ, మంచు మీద ఆడుతున్రు గంతే." ఎప్పుడూ ఓడే ఎర్రచొక్కాల కాలేజీ నీకు "మనోళ్లు".

ఈ రోజు మనోళ్లు గోల్ కొట్టారు. సంతోషం పట్టలేక "మల్లన్నా, చిర్ర పడ్డది!" అని అరిచాను.

"మల్లన్నా మత్లబ్ క్యా?" అని అర్థమడిగాడు కొత్త భాయ్.

గోల్ పడితే మా ఊళ్లో అలాగే అరుస్తామన్నాను.

రెండో గోల్ పడగానే అతనే ముందు "మల్లన్నా!" అని అరిచాడు.

నువ్వొచ్చావేమోనని నేను తలుపు వైపు చూశాను.