పద్నాలుగో కాగితం మీద ఎర్రగీత

ఏమండీ,

నమస్కారం. ఇక్కడ అత్తయ్య, నేను బాగానే ఉన్నాం. మీకు ఒంట్లో బాగుందని, వేళకి తింటున్నారని అనుకుంటున్నాను. ఈ ఉత్తరం కోపంగా రాస్తున్నాను. ముందే చెప్తే మధ్యలో నొచ్చుకోరని చెప్తున్నాను.

మీరు అడిగినవాటికి ముందు జవాబు. అత్తయ్య మోకాలి నొప్పి అలాగే ఉంది. ఎలా ఉందని రాయమంటారంటే, “నా మోకాలు నాతోనే ఉంది, వాడిలా సముద్రం మీదికి పోలేదని రాయి” అన్నారు. వంటింటి కిటికీకి వడ్రంగి రేపు మాపు అంటూ రాలేదు. నేనే మేకు కొట్టుకున్నాను. వేలికి తగిలింది. ఆఫీసులో సారుతో మర్యాదగా ఉంటున్నావా అని అడిగారు. ఉన్నాను. అక్కడే వచ్చింది తంటా అంతా.

మీరు ఓడ మీద పైపులు జోడించి దించేవాళ్ళు, నా కాగితాలు ఎప్పుడూ చూడలేదు. అందుకని వివరంగా రాస్తాను. మీకంటే ముందు వెళ్ళే ఓడ, నీళ్ళలో గాలిని తుపాకీ పేల్చినట్టు పేలుస్తుంది. ఆ చప్పుడు సముద్రం అడుగుకి, దాని కింద మట్టి పొరలకి తగిలి వెనక్కి వస్తుంది. అదంతా గీతలై మా బల్లల మీదికి చేరుతుంది. అడుగు గీతకి నేను నీలం పెన్సిలు వేస్తాను. దాని కింద ఇంకో గీత ఉంటుంది. అడుగు లేచినచోట అదీ లేస్తుంది, దిగినచోట దిగుతుంది, అత్తగారి వెనక కొత్తకోడలిలా. మట్టి పొరలు ఏటవాలుగా ఉన్నా వాటిని కోసుకుంటూ తన దారిన పోతుంది. పై గీతలో నలుపు ఉన్నచోట దీనిలో తెలుపు, తెలుపు ఉన్నచోట నలుపు. అలా గుర్తుపట్టి ఎర్ర పెన్సిలు వేయాలి. ఆ ఎర్రగీతకి పైన గ్యాసు మంచుగడ్డలా బిగుసుకుని ఉంటుందట. కింద వదులు గ్యాసు. పైది కిందదానికి మూత అన్నమాట. మూత తెగినచోట తవ్వితే కింది గ్యాసు ఒక్కసారిగా ఓడ మీదికి తన్నుకొస్తుందట.

నాకు ఈ పని నేర్పిన పెద్దక్క ఒకటే మాట చెప్పేది. “కంటికి కనిపిస్తే గీత, కనిపించకపోతే చుక్కలు. ఇంతేనే పిల్లా మన చదువు.” పోయినేడు ఆవిడ పని మానేశాక ఆ మాట పట్టించుకునేవాళ్ళు లేరు.

పద్నాలుగో కాగితంలో ఎర్రగీత మధ్యలో తెగిపోయింది. బెత్తెడు మేర ఏమీ లేదు. అక్కడ పొరలన్నీ చెదిరి, కింది నుంచి అడుగుదాకా పొగ లేచినట్టు మసకగా ఉంది. నేను చుక్కలు పెట్టాను. మా సారు వచ్చారు. ఏ పగులు కనిపించినా పైన పూత పూసేస్తారని ఆయన్ని చాటుగా అందరూ సున్నం సారు అంటారు.

“ఏంటమ్మా ఈ చుక్కలు, చీమలు పాకినట్టు?”

“అక్కడ గీత కనిపించలేదండి.”

“అటు ఉంది, ఇటు ఉంది. మధ్యలో సెలవు పెట్టి వెళ్ళిందా?”

గదిలో అందరూ నవ్వారు.

“అక్కడ పొగలా ఉంది సారూ...”

“ప్రింటు మసక అది. శనివారం పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. కలిపెయ్.”

శనివారం ఆ పెద్దవాళ్ళు వచ్చారు. కాగితం గోడకి పెట్టి చూశారు. మూత గట్టిగా ఉంది, ఎక్కడా తెగలేదు అనుకున్నారు. తవ్వాల్సిన చోటని సరిగ్గా ఆ బెత్తెడులోనే గుర్తు పెట్టారు. సోమవారం గోడ మీద అక్కడ తవ్వబోయే ఓడ పేరు అంటించారు. మీ ఓడ. పైపులవాళ్ళ జాబితాలో మూడో పేరు మీది.

ఇంతవరకు రాసి, పెన్ను పక్కన పెట్టి, గిన్నెలు కడిగి మళ్ళీ కూర్చున్నాను. ఆ గీత కలిపింది నేనే. చుక్కలు చెరిపి ఎర్రగా గీసేశాను. సారు చూసి “నీ చెయ్యి అచ్చం యంత్రం” అన్నారు. సంతోషపడ్డాను కూడా. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఇంటికి నడిచినంతసేపూ సంతోషపడ్డాను.

ఆ రోజు పొద్దునే మీ ఉత్తరం వచ్చింది. “పెద్దవాళ్ళు చెప్పింది చెయ్యి, ఎదురు మాట్లాడకు, నీ చదువెంత” అని రాశారు. మీ మీద కోపం అందుకే. నా చదువు అయిదో తరగతే. బెత్తెడు ఖాళీని ఖాళీ అనడానికి ఎన్ని తరగతులు చదవాలండీ? ఆ మాటలు నా చెవిలో లేకపోతే ఇంకొక్కసారైనా కాదని ఉండేదాన్ని. మీ మీద ఎంత కోపమో, విన్నందుకు నా మీద అంతకు రెట్టింపు.

మంగళవారం సారు గదికి వెళ్ళాను. తలుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. చివరికి, “సారూ, ఆ గీత నేను చూసి గీసింది కాదు, అక్కడ తవ్వొద్దని చెప్పండి” అన్నాను.

“రంగులు వేసే పిల్లవి, నువ్వు నాకు సముద్రం చెప్తావా?” అని నవ్వడం మొదలుపెట్టారు. పొట్ట పట్టుకుని నవ్వారు. నేను వచ్చేశాను.

మీ ఓడకి వైర్‌లెస్ కబురు వెళ్ళాలన్నా ఆయన సంతకం కావాలి. అందుకే ప్రింట్లు తీసే తాతని బతిమాలి పద్నాలుగో కాగితం మళ్ళీ తీయించాను. పెన్సిలు తగలనిది. దాని మీద చుక్కలు పెట్టాను. మూల “ఇక్కడ గీత లేదు, ఉన్నట్టు గీసింది నేను” అని రాసి సంతకం చేశాను. దాన్ని ఈ ఉత్తరంతో సరుకుల పడవలో పంపుతున్నాను. ఈ సంగతి తెలిస్తే నా పని పోతుంది. పోనీండి. అత్తయ్యకి చెప్పాను. “పనిదేముందే, నా పిల్లాణ్ణి వెనక్కి తీసుకురా” అన్నారు.

పైపు దించకముందే ఇది మీ డ్రిల్లింగ్ మాస్టరు చేతికి ఇవ్వండి. ఎక్కడో దొరికిందని చెప్పకండి. ఎవరు గీశారంటే నా భార్య అని చెప్పండి. ఏం చదివిందంటే అదీ చెప్పండి. ఆయన కూడా నవ్వుతారేమో. నేను నవ్వు మధ్యలో బయటికి వచ్చేశాను. మీరు రావద్దు. ఆయన నవ్వడం అయ్యేదాకా అక్కడే నిలబడి, అప్పుడు కాగితం విప్పండి.

ఇట్లు,
కోపం ఇంకా తీరని
మీ ఇల్లాలు