కింద పెట్టిన కత్తి

మంగళవారం, రాత్రి

పొద్దున్న మరిది సూరి వచ్చి, "వొదినా, కొబ్బరికత్తి ఇయ్యి, బొండాలు కొట్టాల" అన్నాడు. కత్తి సేతికిత్తే ఇచ్చినోళ్లకీ తీసుకున్నోళ్లకీ తగువొత్తాదని అమ్మ సెప్పేది. అందుకే అరుగు మీద పెట్టాను. తీసుకుని ఎల్లాడు.

సాయంత్రం పలాసలో ప్లాటు కమీషన్ కాడ మాటా మాటా పెరిగి, ఆ కత్తితోనే తన నేస్తం గోపిని నరికేశాడు. చిన్నప్పటి నుంచీ ఒకే కంచంలో తిన్నోళ్లు. గోపి బతకలేదు.

పలాసలో ప్లాట్ల రేట్లు పెరిగినకాడి నుంచీ ఇలాటి కబుర్లు వింటానే ఉన్నాం. ఎవుళ్లో ఏటో అనుకునీదాన్ని.

ఆసుపత్రిలో గోపి పెళ్ళాం నన్ను పట్టుకుని, "అంత కత్తి ఆడికెక్కడిదక్కా" అని ఏడిసింది. మంచినీళ్లు తెత్తానని బయటికొచ్చేశాను. రేపు దానికేటి సెప్పాల...

సూరికీ నాకూ మాత్రం ఏ తగువూ రాలేదు.